సాసర్లో నలభై ఒక్క పోగులు

గెర్లిండె ప్రెల్ పనిలో ఉన్నప్పుడు ఆ గదిలో ఎవరూ తుమ్మకూడదు. గోడమీద రాసిపెట్టిన నియమాలు ఇరవై దాకా ఉన్నాయిగానీ, జర్మనీ దేశపు బైరాయిట్‌లోని ఆ ప్రయోగశాలలో నిజంగా అమలయ్యే నియమం ఇదొక్కటే. ఎందుకంటే ఆమె పట్టకారు కొనన ఉండేది పింగాణీకి దూరపు చుట్టమైన సిరామిక్ పోగు. తల వెంట్రుకలో ఐదో వంతు మందం కూడా ఉండదు. వెలుతురు పడితే కనిపిస్తుంది, మనం కాస్త తల తిప్పితే మాయమవుతుంది. ఐదువందల పోగులు కలిసిన పేటలోంచి అలాంటిదాన్ని ఒక్కదాన్ని, ఒంటిమీద గీత పడకుండా లాగి, మధ్యలో కిటికీలా కోసిన అట్టముక్క మీద పరిచి, రెండు కొసలా చుక్క జిగురు పెట్టాలి. జిగురు ఆరాక అట్టను యంత్రం దవడల మధ్య బిగించి, అటూ ఇటూ అంచులు కత్తెరతో తెంపేస్తే ఇక ఆ దవడల మధ్య మిగిలేది పోగు ఒక్కటే. యంత్రం లాగుతుంది. ఎంత బరువుకు తెగిందో రాసుకుంటారు. ఒక్కో రకానికి ముప్పై పోగులు తెగాలి.

పెద్ద పట్టాలున్న వాళ్ళు రోజుకు నాలుగు అంటించి, ఐదోదాని దగ్గర కుర్చీ వెనక్కి తన్ని లేచిపోయేవారు. గెర్లిండె పదిహేను అంటించేది. మధ్యలో తొమ్మిదింటికి అందరితోపాటు రొట్టె, సాసేజీ తినేది, ఆవాల ముద్ద ఎవరు ఖాళీ చేశారని తగాదా కూడా పెట్టుకునేది.

ఆ చేతుల్లో ఉన్నది ఇరవై ఏడేళ్ళ పింగాణీ. సెల్బ్ ఊళ్ళో పుట్టినవాళ్ళు పింగాణీ కార్ఖానాలోకి వెళ్ళడానికి వేరే కారణం అక్కర్లేదు. ఆమె పదహారో ఏట వెళ్ళింది. కప్పులకు గాజుపూత వేసే బల్ల దగ్గర నిలబెట్టారు. కాల్చిన కప్పును తెల్లటి పూతనీళ్ళలో ముంచి, మణికట్టు ఒక్క తిప్పు తిప్పి తీయాలి. ఒక క్షణం ఎక్కువైతే పూత బరువెక్కి కొలిమిలో ఊడిపోతుంది, ఒక క్షణం తక్కువైతే కప్పు గరుగ్గా మిగులుతుంది. పూత అంటే మెరుపు కోసం అనుకునేది బజార్లో కొనేవాళ్ళు. కుదిరిన పూత చల్లారేటప్పుడు కప్పును నలువైపులా బిగించి పట్టుకుంటుంది, కిందపడ్డా ఓ పట్టాన పగలనివ్వదు. కుదరనిది తాను పగిలి, కప్పునూ పగలదీస్తుంది. ఈ సంగతి పుస్తకాల్లో చదవకముందే గెర్లిండె మణికట్టుకు తెలుసు.

మేస్త్రీలకు మాత్రం ఒకే సిద్ధాంతం తెలుసు. పగిలిందంటే చేతి తప్పు. మంచి కప్పులు లెక్కకెక్కేవి, పగిలినవి పెరట్లో కుప్పకెక్కేవి, వాటితో పాటే ఎవరో ఒక అమ్మాయి పేరు మేస్త్రీ నోటికెక్కేది. ఇరవై ఆరేళ్ళకు కార్మిక ప్రతినిధిగా గెలిచిన గెర్లిండె చేసిన మొదటి పని ఉపన్యాసం కాదు. ప్రతి బల్ల పక్కనా ఒక గంప పెట్టించింది. పగిలిన ప్రతిదీ అందులో పడాలి, మట్టి వల్లా, కొలిమి వల్లా, పూత వల్లా, చేతి వల్లా అని సుద్దతో గుర్తుండాలి. మూడు నెలల తర్వాత ఆ గంపల్ని తోపుడు బళ్ళమీద మేనేజరు గది ముందుకు తోలించింది. నూటికి పంతొమ్మిది మాత్రమే చేతివి. ఆ తర్వాతే కార్ఖానా రికార్డులో పగిలినవాటికి ఒక గడి వచ్చింది. పగిలినవాటిని లెక్కలోంచి తీసేసిన చోట తప్పు ఎప్పుడూ అందరికన్నా కింది చేతికే చుట్టుకుంటుంది. ఇది గెర్లిండె ఎక్కడా చదవలేదు, గంపల్లో చూసింది.

కార్ఖానా మూతపడ్డాక ఎనిమిదేళ్ళు సూపర్ మార్కెట్లో పెట్టెలు సర్దింది, వృద్ధుల ఆశ్రమంలో దుప్పట్లు ఉతికింది. యాభై దాటాక ఉపాధి కార్యాలయం వాళ్ళు "సిరామిక్ అనుభవం ఉందా?" అని అడిగి ఆరు నెలలకని ఈ ప్రయోగశాలకు పంపారు. ఆరు నెలలు ఆరేళ్ళయ్యాయి. రెండు రైళ్ళు మారి వచ్చే ఆమె సంచిలో మొదటిరోజు నుంచీ ఒక సాసర్ ఉంది. నీలి అంచు, పూతలో సూదిమొనంత చిల్లు. కార్ఖానా ఆఖరి కొలిమిలోంచి వచ్చిన రెండో రకం సరుకు. యంత్రం దాకా వెళ్ళకుండా చేతిలోనే తెగిన పోగుల్ని మిగతావాళ్ళు చెత్తబుట్టలో ఊదేసేవాళ్ళు. గెర్లిండె సాసర్లో వేసి, పక్కన నోట్‌బుక్కులో ఒక గీత గీసేది.

"పిన్నీ, వాటిని ఎందుకు దాస్తావు? అవి పరీక్షలోకి రావు కదా," అని నెస్రిన్ నవ్వేది.

"నీకెందుకు, నా మురిపెం నాది," అనేది గెర్లిండె.

నెస్రిన్ అక్సోయ్ ఆ ప్రయోగశాలలో ఇంజినీరు. టర్కీ నుంచి వచ్చి, పూతబల్ల దగ్గర గెర్లిండె పక్కనే పద్దెనిమిదేళ్ళు నిలబడ్డ సెవిమ్ కూతురు. ఆ పిల్ల పాలపళ్ళు ఊడిన రోజులు కూడా గెర్లిండెకు గుర్తే. అందరిముందూ "ప్రెల్ గారూ" అని పిలవబోయి నెస్రిన్ రెండ్రోజులు తంటాలుపడి మానేసింది.

ఆ ఏడాది నెస్రిన్ చేస్తున్నది ఈ పోగులకు పూత. సిరామిక్ పలక లోపల సిరామిక్ పోగుల నేత పెడితే, కొలిమి గోడలకూ ఎగిరే యంత్రాలకూ పనికొచ్చే గట్టి సరుకవుతుంది. అయితే పోగు పలకకు మరీ అతుక్కుపోతే, పలకలో పుట్టిన చీలిక పోగునూ చీల్చుకుంటూ పోతుంది. మధ్యలో పలచటి పూత ఉంటే పోగు సమయానికి జారుకుంటుంది, చీలిక దారి తప్పుతుంది. కేకు పోసేముందు గిన్నెకు వెన్న రాయడం లాంటిదని నెస్రిన్ చెబితే గెర్లిండెకు వెంటనే ఎక్కింది. వెన్న తక్కువైతే కేకు గిన్నెకే మిగులుతుంది, ఎక్కువైతే కేకే జిడ్డు. పోగు కట్టను సన్నటి గొట్టం కొలిమిలోంచి లాగుతూ, లోపలికి వాయువు వదిలి, ఒంటికి పొరలా పట్టిస్తారు.

ముప్పై పూత లేనివి, ముప్పై పూత వేసినవి. లెక్క వచ్చేసరికి ప్రయోగశాల అధిపతి డాక్టర్ రోగ్లర్ కళ్ళద్దాలు రెండుసార్లు తుడుచుకున్నాడు. పూత వేసినవి పదో వంతు ఎక్కువ బరువు మోశాయి.

"పోగును కాపాడటమే కాదు, బలం కూడా పోస్తోంది," అన్నాడాయన. "వచ్చే గురువారం కంపెనీవాళ్ళు వస్తున్నారు. ఈ పూతకు వాళ్ళు ఒక కొత్త విభాగం పెడదామని చూస్తున్నారు. ఎక్కడో తెలుసా, ప్రెల్ గారూ? మీ ఊళ్ళోనే. మూతపడ్డ మీ పింగాణీ కార్ఖానాలో."

గెర్లిండె సంతోషంతో ఆయన భుజం చరిచింది. జర్మనీలో ఎవరూ అధికారి భుజం చరచరని గుర్తుచేసుకుంటున్నట్టు ఆయన నిలబడ్డాడు. ఆ సాయంత్రం సాసర్ సంచిలో సర్దుతూ ఆమె నోట్‌బుక్కు తెరిచింది. అప్పటిదాకా గీతలు గీసిందేగానీ కూడలేదు. పూత లేని ముప్పై కోసం ముప్పైఎనిమిది లాగింది, ఎనిమిది తెగాయి. పూత వేసిన ముప్పై కోసం డెబ్భైఒకటి లాగింది. నలభైఒకటి తెగాయి.

సంచి కింద పెట్టి మళ్ళీ మొదటినుంచీ కూడింది, అవే అంకెలు. ఊళ్ళో బక్కవాళ్ళంతా గుమ్మం దగ్గరే కూలిపోతే, లోపలికి నడిచొచ్చిన ముప్పైమందిని తూచి ఊరంతా పహిల్వాన్లే అన్నట్టుంది ఈ లెక్క. పూత బలం పోయడంలేదు. బలహీనమైనవాటిని పరీక్షకు ముందే చంపేస్తోంది. ఆ సంగతి తెలిసింది ప్రపంచంలో తన సాసర్‌కూ తనకూ మాత్రమే. చెబితే ఊరికి వస్తున్న పని వెనక్కిపోవచ్చు. చెప్పకపోతే సాసర్ నోరెత్తదు.

శనివారం ఆమె సెవిమ్ ఇంటికి వెళ్ళింది. సెప్టెంబరులో నెస్రిన్ పెళ్ళి. ఆ దేశంలో పెళ్ళికి ముందు చుట్టాలూ స్నేహితులూ ఇంటి గుమ్మంలో పింగాణీ పగలగొడతారు. పెంకులు అదృష్టమని నమ్మకం. కాబోయే ఆలుమగలు ఇద్దరూ కలిసి ఊడవాలి. సెవిమ్ వంటింటి నిండా అప్పుడే పాత పళ్ళాల దొంతరలు.

"ఇన్నా?" అంది గెర్లిండె.

"మా అల్లుడు చీపురు పట్టుకోవడం నేను చూడాలి. ఇన్ని ఉంటే గంటసేపు చూడొచ్చు." సెవిమ్ చిన్న గాజుగ్లాసులో ఎర్రటి టీ పోసి ముందు పెట్టింది. "ఏమిటే, మొహం అలా ఉంది? మళ్ళీ రైలు ఆలస్యమా?"

గెర్లిండె చెప్పింది. ముందు కార్ఖానా తెరుస్తారన్న మాట చెప్పింది. బేకరీలో తెల్లారకముందే నిలబడి కాళ్ళు వాచిన సెవిమ్ మొహం ఆ మాటకు వెలిగింది. తర్వాత నలభైఒకటి సంగతి చెప్పింది. వెలుగు కాస్త తగ్గింది. సెవిమ్ టీలో చక్కెర రెండుసార్లు వేసుకుంది.

"ఎవరికైనా తెలుస్తుందా?"

"తెలియదు. ఆ కాగితంలో వాటికి గడే లేదు."

"ఓహో. గడి లేదా." సెవిమ్ గ్లాసు కింద పెట్టింది. "ఏమే గెర్లిండె, నాకు ఇరవై రెండేళ్ళప్పుడు, మంచులో, తోపుడు బండి నాచేత తోయించింది ఎవరు? నా చేతులు పగిలి నెత్తురొస్తుంటే, తొయ్యవే తొయ్యి, పగిలినదానికీ ఒక గడి కావాలి అన్నది ఎవరు?"

"అది మేస్త్రీల మీద పోట్లాట."

"ఇప్పుడు నువ్వు మేస్త్రీవయ్యావా మరి?"

గెర్లిండెకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "పని పోతే నన్ను తిట్టవు కదా?"

"తిడతాను, ఎందుకు తిట్టను. కానీ అక్కడ పనిచేయబోయేది మనవాళ్ళే. సరుకు తిరిగొచ్చిన రోజు ఎవరి చేతి తప్పంటారో నీకు నేను చెప్పాలా? పైగా ఆ కాగితం మీద నా కూతురి పేరుంటుంది. ఆ పేరు రాయడం వాళ్ళకు రావడానికే మూడేళ్ళు పట్టింది, ఇప్పుడు పాడుచేయకు. ఈ పళ్ళెం తీసుకెళ్ళి ఆ పెట్టెలో పెట్టు."

సోమవారం తొమ్మిదింటికి, అందరూ రొట్టెలు విప్పుతున్న వేళ, గెర్లిండె సాసర్ తెచ్చి బల్ల మధ్య, ఆవాల ముద్ద పక్కన పెట్టింది. చెప్పవలసింది నాలుగు ముక్కల్లో చెప్పింది. నెస్రిన్ నమలడం ఆపేసింది.

డాక్టర్ రోగ్లర్ మంచివాడే. తెలివైన మనిషి, చెట్లంటే ప్రాణం, ఎవరి పుట్టినరోజూ మరిచిపోడు. కానీ గురువారం ఆయన ముందుంది. "ప్రెల్ గారూ, పద్ధతి అంటే పద్ధతి. యంత్రంలో తెగిందే లెక్క. ఎక్కడైనా అంతే చేస్తారు. అంటించేటప్పుడు తెగితే అది..." అని ఆగాడు.

"చెప్పండి డాక్టర్ గారూ. అది?"

"అది చేతిలో ఉన్న లోపం కిందికి వస్తుంది. మీదని కాదు, సాధారణంగా."

గెర్లిండె సాసర్‌ను ఆయన ముందుకు జరిపింది.

"పదహారేళ్ళప్పటి నుంచీ వింటున్నానండీ ఆ మాట," అంది గెర్లిండె. గొంతు పెంచలేదు. "అవే చేతులు, అదే పట్టకారు, అదే జిగురు. పూత లేనివాటితో ఎనిమిది. పూత ఉన్నవాటితో నలభైఒకటి. నా చేతులు పూత చూసి వణికాయంటారా? వణికించేంత అందంగా ఏమీ లేదే అది."

ముందు నెస్రిన్ నవ్వింది. నవ్వుతూనే సాసర్ అందుకుని మైక్రోస్కోప్ దగ్గరికి నడిచింది. అరగంట ఒక్కో పోగునూ తెరమీదికి తెచ్చి చూసింది. తర్వాత, "పిన్నీ, ఇలా రా. ఇది చూడు," అంది.

తెరమీద పోగు తాడంత లావుగా కనిపిస్తోంది. ఒక పక్కన పొడుగునా పూత ఊడి, బోసిగా ఉంది. దాని పక్కదానికి ఒకటికి రెండు పొరలు, అంచు పళ్ళు పళ్ళుగా. పూత పొరతోబాటు పోగు చర్మం కూడా చిన్న చిన్న గుంటలుగా లేచిపోయింది. తెగింది సరిగ్గా ఆ గుంటల దగ్గరే.

గెర్లిండె చూసి పకపకా నవ్వింది. నెస్రిన్‌కు కన్నీళ్ళొచ్చేలా ఉంటే ఈమె నవ్వడం ఏమిటని అందరూ చూశారు.

"ఆనుకుని కాల్చారే తల్లీ! పచ్చిపూత పళ్ళాల్ని ఒకదానికొకటి ఆనించి కొలిమిలో పెడితే ఏమవుతుంది? మీ అమ్మనడుగు, నిద్రలో చెబుతుంది. రెండూ ఒకటైపోతాయి. విడదీస్తే ఒకదాని చర్మం రెండోదానికి పోతుంది. నీ పోగులు కట్ట కట్టుకుని కొలిమిలోకి పోతున్నాయి. ఐదువందలమంది ఒకే దుప్పటి కప్పుకున్నారు. నేను ఒకణ్ణి లాగితే దుప్పటి చిరగదూ?"

"అంటే పూత తప్పు కాదు."

"పూత బంగారం. వరస తప్పు. పళ్ళాల్ని ఎడంగా నిలబెట్టాలి."

డాక్టర్ రోగ్లర్ కళ్ళద్దాలు తీశాడు, తుడవలేదు, ఊరికే పట్టుకున్నాడు. "గురువారానికి ఇంకా మూడు రోజులున్నాయి," అన్నాడు చివరికి. అది ఆయన భాషలో క్షమాపణ. గెర్లిండెకు ఆ భాష వచ్చు.

ఆ మధ్యాహ్నమే కొలిమి ముందు నున్నటి గాజుకడ్డీలు రెండు బిగించారు. కట్ట ఒకదాని పైనుంచీ, ఇంకోదాని కిందనుంచీ పాములా వెళ్ళేసరికి, గుండ్రంగా ఉన్న పేట చదునుగా విచ్చుకుని రిబ్బనులా పరుచుకుంది. మొదట పెట్టిన కడ్డీ కాస్త గరుగ్గా ఉండి యాభై పోగులు తెగాయి, దాన్ని మార్చారు. నెస్రిన్ తిట్టుకుంది, టర్కిష్‌లో ఒకసారి, జర్మన్‌లో ఒకసారి. మంగళవారం పూత పట్టింది. బుధవారం గెర్లిండె తెల్లవారుజాము రైలుకు వచ్చి, ముప్పై అట్టలు అంటించేదాకా కుర్చీ దిగలేదు. ఆ రోజు మిగతావాళ్ళు సాసేజీ కూడా నిలబడి తిన్నారు, వేరే గదిలో, తుమ్ము వస్తుందని భయంతో.

గురువారం పొద్దున యంత్రం లాగింది. ముప్పై కోసం లాగినవి ముప్పైతొమ్మిది. సాసర్లో తొమ్మిది. బలం చూస్తే పూత లేనివాటితో సమానం, ఓ వెంట్రుక తక్కువేమో కూడా.

"పదో వంతు పోయింది," అన్నాడు రోగ్లర్, పోయిన కుక్కను తలుచుకున్నట్టు.

"అది ఎప్పుడూ లేదండీ," అంది నెస్రిన్. "పూత పని బలం పోయడం కాదు. ఉన్న బలాన్ని చెడగొట్టకుండా ఒంటిమీద ఉండి, పలకలో సమయం వచ్చినప్పుడు జారనివ్వడం. అది చేస్తోంది. రెండు లెక్కలూ చూపిద్దాం. సాసర్ కూడా."

కంపెనీ నుంచి వచ్చిన ముగ్గురిలో ఇద్దరు గడియారాలు చూసుకుంటూ విన్నారు. మూడో ఆయన, పోగులు నేసే విభాగంలో మగ్గాల మధ్య ముసలివాడైన మనిషి, సాసర్ మీదికి వంగి చాలాసేపు చూశాడు. బయట కొన్న పూత కట్టలు తమ మగ్గం మీద ఎందుకు పెళపెళలాడుతూ తెగిపోతున్నాయో రెండేళ్ళుగా అర్థంకాక నేతగాళ్ళ మీద కేకలేస్తున్నామని చెప్పాడు. "నేతగాళ్ళ మీద" అన్న మాట దగ్గర గెర్లిండె డాక్టర్ రోగ్లర్ వైపు చూసింది. ఆయన కిటికీలోంచి చెట్టును చూశాడు.

నిర్ణయం ఆరోజు చెప్పలేదు. ఆగస్టులో చెప్పారు. కార్ఖానాలో విభాగం వస్తుంది, అనుకున్నంత పెద్దది కాదు, మొదట పదకొండుమంది, కొలిమి చూసుకోవడానికి నెస్రిన్. గెర్లిండె వెంటనే ఆ పదకొండుమందికీ పాత కార్మికుల పేర్లతో జాబితా ఒకటి రాసి, ఎవరూ అడక్కుండానే పంపింది. ప్రయోగశాల పరీక్ష కాగితంలో కొత్త గడి ఒకటి వచ్చింది: యంత్రానికి ముందే తెగినవి. నెస్రిన్ ఈ పని మీద రాసిన వ్యాసంలో గెర్లిండె పేరు చివర్న కృతజ్ఞతల్లో కాకుండా, పైన రాసినవాళ్ళ వరుసలో రెండోది. ఆ పేజీ సెవిమ్ బేకరీ గోడకు అంటించింది. కొనేవాళ్ళు అది ధరల పట్టిక అనుకుని దగ్గరికొచ్చి చదివేవారు.

సెప్టెంబరు మొదటి శుక్రవారం, ఎండ ఇంకా ఉండగానే, సెవిమ్ గుమ్మంలో పళ్ళాలు పగలడం మొదలైంది. సగం సెల్బ్ అక్కడే ఉంది. పింగాణీ ఊళ్ళో పళ్ళెం పగలగొట్టడం కూడా ఒక విద్యే. చప్పుడు విని అది ఏ కార్ఖానాదో చెప్పే ముసలమ్మలున్నారు. పెళ్ళికొడుకు తిల్మన్ చీపురుతో ఒక కుప్ప చేర్చేలోగా రెండో కుప్ప తయారవుతోంది. నెస్రిన్ చేట పట్టుకుని నవ్వుతూ తిడుతోంది. సెవిమ్ మెట్లమీద ఆల్‌బుకరా కేకు తింటూ అల్లుణ్ణి కళ్ళారా చూసుకుంటోంది.

డాక్టర్ రోగ్లర్ కూడా వచ్చాడు, మంచి కాగితంలో చుట్టిన పళ్ళెంతో. బిడియంగా విసిరాడు. అది రాతిమీద పడి, ఒక్కసారి ఎగిరి, గుండ్రంగా తిరిగి, చెక్కు చెదరకుండా కూర్చుంది.

"కుదిరిన పూతండీ," అంది గెర్లిండె. "ఇంకాస్త కోపంగా విసరండి. గురువారాన్ని తలుచుకోండి."

రెండోసారి ముక్కలైంది. అందరూ చప్పట్లు కొట్టారు, ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

ఇక గెర్లిండె వంతు. సంచిలోంచి నీలి అంచు సాసర్ తీసింది. నెస్రిన్ చీపురు వదిలేసి పరుగెత్తుకొచ్చింది. "అది వద్దు పిన్నీ! ఆఖరి కొలిమిదది."

"ఆఖరిదెలా అవుతుందే? వచ్చే నెల నువ్వు అక్కడే కొలిమి వెలిగిస్తున్నావుగా." గెర్లిండె సాసర్‌ను ఎండకు ఎత్తి సూదిమొన చిల్లును ఒక్కసారి చూసి, మణికట్టు అలవాటు తిప్పు తిప్పి విసిరింది. శుభ్రంగా పగిలింది.

"ఎన్ని ముక్కలే?" అని మెట్లమీద నుంచి సెవిమ్ అరిచింది. "లెక్కల రాణివి కదా, చెప్పు."

గెర్లిండె అప్పటికే వంగి చూస్తోంది. అలవాటు ఎక్కడికి పోతుంది. ఏడు దాకా వచ్చాక తిల్మన్ చీపురు అడ్డొచ్చి ముక్కలన్నీ కుప్పలో కలిసిపోయాయి.

"ఇవాళ్టికి గడి లేదు," అని చేతులు దులుపుకుని, ఆమె కేకు కోసం మెట్లెక్కింది.